జూన్‌లో ఇరవై ఇద్దరు, దసరాకి ఆరుగురు: యువ కార్యకర్తల గురించి పాఠకుల ప్రశ్నలు

గోదావరి డెల్టా గ్రామాల్లో సాయంత్రపు చదువు కేంద్రాలు, యువజన సంఘాలు నడుపుతున్నవారు పంపిన ప్రశ్నలివి. యువజన కార్యక్రమాల శిక్షకులు జవాబులిస్తున్నారు. అడిగినవారి పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: మాది అయినవిల్లి మండలంలో, గోదావరి పాయల మధ్య ఉన్న లంక గ్రామం. ఆరు నుంచి పదో తరగతి పిల్లలకు వారానికి మూడు సాయంత్రాలు చదువు, ఆటల కేంద్రం నడుపుతున్నాం. సాయంత్రానికి నలుగురు కార్యకర్తలు కావాలి. జూన్‌లో 22 మంది పేర్లిచ్చారు. దసరా నాటికి ఆరుగురు మిగిలారు, వాళ్లూ విసిగిపోయి ఉన్నారు. తప్పెక్కడ జరుగుతోందండి?

జవాబు: మీ ఉత్తరంలో అన్నీ ఉన్నాయి గానీ ఆ 22 మందినీ ఎంతకాలానికి పిలిచారో లేదు. చెప్పి ఉంటే రాసేవారు. గడువు చెప్పకుండా పిలిస్తే, వచ్చినవాడికి మర్యాదగా మానుకునే దారి ఉండదు. ఒక వారం రాడు, రెండో వారం మొహం చెల్లక రాడు, మూడో వారం మీరు బజారులో ఎదురైతే పక్క సందు పట్టుకుంటాడు. ఆ తర్వాత అతన్ని మళ్లీ పిలవడం మీకూ కష్టమే, రావడం అతనికీ కష్టమే.

డెల్టాలో ‘వారం వారం రండి’ అంటే ఏడాది పొడుగునా కుదిరే పని కాదు. జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు. జూలైలో సార్వా (ఖరీఫ్ వరి) ఊడ్పులు. జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి ఎప్పుడు పొంగుతుందో తెలియదు, లంకలో ఉన్న మీకు అది మేం చెప్పక్కర్లేదు. వినాయక చవితి పందిరి పడిందంటే పది రోజులు కుర్రాళ్లంతా అక్కడే. నవంబరు, డిసెంబరుల్లో కోతలు, నూర్పిళ్లు, వెంటనే దాళ్వా (రబీ వరి) నారుమళ్లు. భోగికి వారం ముందు నుంచి కనుమ వెళ్లిన నాలుగు రోజుల దాకా ఎవరూ దొరకరు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం వదులుకుని లెక్కలు చెప్పడానికి రమ్మంటే అడిగిన మీకే నవ్వొస్తుంది. ఫిబ్రవరి ఆఖరుకల్లా ఇంటర్ పరీక్షల వేడి, తర్వాత పదో తరగతి, ఆపైన ఎంట్రన్సులు, పెళ్లిళ్లు, దాళ్వా కోతలు. ఇవన్నీ క్యాలెండర్ మీద కొట్టేసి చూడండి. ఊడ్పులు, వరద రోజులు కొన్ని మధ్యలో పడినా, పని సాగే ముక్కలు మూడు మిగులుతాయి: జూన్ మధ్య నుంచి జూలై ఆఖరు, సెప్టెంబరు మూడో వారం నుంచి నవంబరు మొదటి వారం, జనవరి 20 నుంచి ఫిబ్రవరి ఆఖరు. ఒక్కొక్కటి ఇంచుమించు ఆరు వారాలు.

అందుకని విడతకు పిలవండి. ‘ఆరు వారాలు, వారానికి ఒక సాయంత్రం, ఆరు నుంచి ఏడుంపావు దాకా. విడత అయ్యాక ఉంటారో లేదో మేమే అడుగుతాం, లేదంటే ఎవరూ ఏమీ అనుకోరు’ అని చెప్పి, అదే మాట అర పేజీ కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. ఆ కాగితంలో వచ్చే రోజు, చేసే పని, రాలేకపోతే ఎవరికి ఎన్ని గంటల ముందు చెప్పాలి, పిల్లల విషయంలో చేయకూడనివి, ఖర్చులు ఎవరిస్తారు అనే ఐదు సంగతులు ఉంటే చాలు. విడతల మధ్య కేంద్రం మూయక్కర్లేదు. పుస్తకాలివ్వడానికి, ఆటలాడించడానికి ఇద్దరుంటే సరిపోతుంది.

ఇక లెక్క. మూడు సాయంత్రాలు, సాయంత్రానికి నలుగురంటే వారానికి 12 వంతులు, ఆరు వారాలకు 72. వారానికి ఒక్క సాయంత్రం చొప్పున 16 మంది ఒప్పుకుంటే 96 వంతులు చేతిలో ఉన్నట్టు. పాతిక శాతం జారిపోయినా 72 మిగులుతాయి, కేంద్రం ఆగదు. రిజిస్టరులో ఒప్పుకున్న వంతులు ఎన్ని, వచ్చినవి ఎన్ని అని రెండు గడులు గీసి వారం వారం కూడండి. 16కి 12 కంటే తక్కువ పడిన వారం ఉందంటే అప్పుడే కదలాలి, విడత చివర కాదు. ఎవరైనా ఉత్సాహంగా ‘నేను రోజూ వస్తా’ అన్నా ఒప్పుకోవద్దు. రోజూ వచ్చేవాడు నెలకే అలిసిపోతాడు, పైగా అతని పక్కన నిలబడ్డవాడికి పని మిగలదు. చేతికి పని దొరక్క మానేసేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లు ఆ మాట బయటికి చెప్పరు, ‘ఖాళీ లేదండి’ అంటారు.

ఎవరిని పిలిచారన్నది కూడా చూసుకోండి. ఇంటర్ రెండో ఏడాది పిల్లలు చురుగ్గానే ఉంటారు గానీ మే దాటితే ఊళ్లో ఉండరు. అమలాపురం, రాజోలు, కొత్తపేట కాలేజీలకు బస్సులో వెళ్లొచ్చే డిగ్రీ మొదటి ఏడాది వాళ్లు మూడేళ్లు చేతిలో ఉంటారు. డిగ్రీ చదివి మీ ఊరు కోడలుగా వచ్చిన అమ్మాయిలను ఎవరూ అడగరు. అడిగితే అందరికంటే ఎక్కువకాలం నిలిచేది వాళ్లే. బీఈడీ చేసి డీఎస్సీకి చదువుతున్నవాళ్లు పాఠం బాగా చెప్తారు, నోటిఫికేషన్ పడిన రోజు నుంచి కనపడరు. అది వాళ్ల తప్పు కాదు, ముందే తెలిసిన సంగతి. ప్రతి సాయంత్రం జట్టులోనూ ఈ రకాలు కలిసేలా చూసుకుంటే అందరూ ఒకేసారి ఖాళీ అవ్వరు.

ఒక వంతుకు రానివాళ్లకు మర్నాడు పదింటిలోపు ఫోను చేయాలి. మొదటి మాట ‘ఎందుకు రాలేదు’ అని ఉండకూడదు, ‘ఒంట్లో బాగుందా’ అని ఉండాలి. రెండోసారీ రాకపోతే ఇంటికి వెళ్లి కలవండి. వాట్సాప్ గ్రూపులో పేరు పెట్టి అడిగారంటే మాత్రం ఆ మనిషి మీకు దక్కడు. ఈ పని ఒక సమన్వయకర్త ఎనిమిది మందికి చేయగలడు. 16 మందికి ఇద్దరు కావాలి, కేంద్రం తాళం చెవులు కూడా రెండుండాలి. చాలా కేంద్రాలు మూతపడేది, తాళం చెవి ఒక్కడి జేబులో ఉండి, ఆ ఒక్కడు ఊరెళ్లినప్పుడే.

ఇప్పుడు మీ దగ్గర మిగిలిన ఆరుగురి సంగతి. వాళ్లకు ముందు రెండు వారాలు సెలవివ్వండి, కేంద్రం ఆగినా సరే. కొత్త విడత మొదలయ్యాక వాళ్లను పాఠాల్లో కాక కొత్తవాళ్ల పక్కన జోడీగా పెట్టండి. మానేసిన 16 మందికీ ఒక్కసారి ఫోను చేసి, ‘ఆరు వారాలకైతే ఏ రోజు వీలవుతుంది’ అని అడగండి. ఎందుకు మానేశారని మాత్రం తవ్వకండి.

ప్రశ్న: రాజోలు నుంచి. మండల కేంద్రంలో రెండు రోజుల శిక్షణ పెట్టించాం. ప్రసంగాలు, భోజనాలు బాగున్నాయి. తర్వాతి వారం కేంద్రానికి వచ్చినవాళ్లు పిల్లల ముందు నిలబడి నా మొహం చూస్తున్నారు. శిక్షణ ఎలా ఉండాలి?

జవాబు: ఈత గురించి రెండు రోజులు వింటే ఈత రాదు. అవే 12 గంటలను రెండేసి గంటల ఆరు కూర్చోవడాలుగా, మూడు వారాలకు పరవండి. మధ్యలో ప్రతి ఒక్కరూ రెండు సాయంత్రాలు నడుస్తున్న కేంద్రానికి వెళ్లి వెనక కూర్చుని చూడాలి. జట్టు 10 మందికి మించకూడదు, కారణం కింద చెప్తాం.

మొదటి రోజు కేంద్రంలోనే పెట్టండి, ఫంక్షన్ హాలులో వద్దు. చీపురు ఎక్కడుంటుంది, కరెంటు పోతే ఏ దీపం వెలిగించాలి, పిల్లల హాజరు ఎలా వేయాలి అనే సంగతులతోనే మొదలవ్వాలి. కేంద్రంలో సాయంత్రం సాగే తీరు కూడా అప్పుడే చేయించి చూపించాలి: పది నిమిషాలు ఆట, 25 నిమిషాలు చదవడం, 25 నిమిషాలు లెక్కలు, పది నిమిషాలు కబుర్లు, ఐదు నిమిషాలు హాజరు, సర్దుడు. మొత్తం 75 నిమిషాలు. ఆట ముందెందుకంటే, ఆలస్యంగా వచ్చే పిల్లలకు పాఠం పోకుండా ఉంటుంది. ఆట చివర పెడితే పాఠం జరుగుతున్నంతసేపూ పిల్లల కళ్లు బంతి మీదే ఉంటాయి.

రెండో రోజు పిల్లలతో మెలగడం. ఇద్దరు కార్యకర్తలకు 12 నుంచి 15 మంది పిల్లలు హద్దు. ఆపైన ఉంటే జట్టు రెండుగా చీల్చాలి. పిల్లలను అర్ధచంద్రంలా కూర్చోబెట్టడం, మొదటి వారంలోనే పేర్లన్నీ నేర్చుకోవడం, ప్రశ్న అడిగాక మనసులో ఐదు లెక్కపెట్టేదాకా ఆగడం నేర్పండి. ఈ చివరిది చెప్పినంత తేలిక కాదు. కొత్తవాళ్లు రెండు క్షణాలు కూడా ఆగలేక జవాబు తామే చెప్పేస్తారు. ఎదురుగా ఒకరిని గడియారం పట్టుకుని కూర్చోబెట్టి ఆగడం అలవాటు చేయించాలి.

మూడో రోజు ఒక పేజీ పాఠం రాయించాలి. ఏం నేర్పుతున్నాం, ఏ వస్తువు కావాలి, మొదటి ప్రశ్న ఏమిటి, పిల్లలకు వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది అనే నాలుగు సంగతులే అందులో ఉండాలి. ఊళ్లో ఉన్న లెక్కలనే తీసుకోమనండి. ఎకరాకు 30 బస్తాలు పండాయి, బస్తా 75 కిలోలు, మొత్తం ఎన్ని క్వింటాళ్లు? 22.5 అని ఎనిమిదో తరగతి పిల్లవాడు చెప్పగలగాలి. ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదంటారు కదా, అక్కడి నుంచి శాతాలు ఎత్తుకోవచ్చు. ఇంట్లో నాన్న ఈ లెక్క ఎక్కడ మోసపోతాడో పిల్లలకు తెలుసు, కాబట్టి వింటారు.

నాలుగో రోజు మొత్తం పాఠం చెప్పి చూపించడం. ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు, తర్వాత మూడు నిమిషాలు మాట. పదిమందికి వంద నిమిషాలు, అదీ జట్టు పదికి ఆగాలనడానికి కారణం. మాట చెప్పేవాళ్లు ‘బాగుంది’ అని ఊరుకోకూడదు. పనిచేసినవి రెండు, మార్చుకోవలసింది ఒకటి చెప్పాలి. ముందు తోటివాళ్లు చెప్పాక చివర శిక్షకుడు చెప్పాలి. శిక్షకుడు ముందు నోరు విప్పితే తక్కినవాళ్లు ఆయన మాటకే తలూపుతారు. భయంతో గొంతు పెగలని వాళ్లు ఉంటారు. వాళ్లను చూసి ఎవరూ నవ్వకుండా జాగ్రత్తపడి, ఆరో రోజు మళ్లీ అదే పాఠం చెప్పించండి. రెండోసారికి వచ్చే తేడాను వాళ్లే చూసుకుంటారు. శిక్షణలో వాళ్లను నిలబెట్టేది అదే.

ఐదో రోజు పిల్లల భద్రత, ప్రథమ చికిత్స. భద్రత గురించి కింది ప్రశ్నలో విడిగా రాశాం. ఆరో రోజు రెండోసారి పాఠాలు, వంతుల పట్టిక, ఒప్పంద కాగితం.

శిక్షణ అయ్యాక కూడా ఎవరినీ ఒంటరిగా వదలకూడదు. మొదటి రెండు వంతులు చూడటం, తర్వాతి రెండు పాతవారి పక్కన సగం పాఠం చెప్పడం, ఐదోది తాను నడుపుతుంటే పాతవారు వెనక కూర్చోవడం. ప్రతి సాయంత్రం పిల్లలు వెళ్లాక పది నిమిషాలు నిలబడి మాట్లాడుకోండి: ఈరోజు ఏది కుదిరింది, ఏ పిల్లవాడు ముడుచుకుని కూర్చున్నాడు, వచ్చే వంతువారికి ఏం రాసి పెట్టాలి. కూర్చుని మాట్లాడితే అది మీటింగయిపోయి ముప్పావుగంట పడుతుంది, కాబట్టి నిలబడే మాట్లాడండి.

రేకు పెట్టె ఒకటి కొని అందులో 20 పలకలు, సుద్దముక్కలు, స్కెచ్ పెన్నులు, బంతి, తాడు, హాజరు పుస్తకం, ప్రథమ చికిత్స డబ్బా, ఛార్జింగ్ దీపం ఉంచండి. వస్తువులు వెతుక్కోవడంలో పోయే పావుగంట కొత్తవాళ్ల ధైర్యం తీసేస్తుంది.

ప్రశ్న: ముమ్మిడివరం దగ్గర. డిగ్రీ చదివే అమ్మాయిలు రావడానికి సిద్ధమే, ఇంట్లో పంపరు. ఇంకో సందేహం: పిల్లల భద్రత గురించి ఎంతవరకు చెప్పాలి?

జవాబు: ఇంట్లోవాళ్లు అడిగేవి మూడే: ఎవరెవరుంటారు, ఎన్నింటికి అయిపోతుంది, ఎవరు దింపుతారు. అమ్మాయితో జవాబు పంపకండి. సంఘంలో పెళ్లైన ఒకావిడ వాళ్లింటికి వెళ్లి అమ్మతో, నాయనమ్మతో మాట్లాడాలి. ముగింపు వేళ ఎంతని చెప్తే అంతే. ఒక్కరోజు పావుగంట ఆలస్యమైతే మర్నాటి నుంచి పంపరు, వాళ్లను తప్పు పట్టలేం. ఒకే వీధి అమ్మాయిలిద్దరిని ఒకే సాయంత్రానికి వేసి, కలిసి వచ్చి కలిసి వెళ్లేలా చూడండి. మరుగుదొడ్డి లేని చోట కేంద్రం పెట్టి అమ్మాయిలు రావడం లేదని బాధపడే సంఘాలున్నాయి, ఆ పని ముందు చూసుకోండి.

భద్రత గురించి పూర్తిగా చెప్పాలి, మొహమాటం లేకుండా. ఏ పిల్లవాడితోనూ, పిల్లతోనూ కార్యకర్త తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు, ఎప్పుడూ పెద్దవాళ్లిద్దరు కనపడాలి. పిల్లలకు వ్యక్తిగతంగా రాత్రిపూట సందేశాలు పంపకూడదు. బండి మీద ఒంటరిగా ఎక్కించుకుని తీసుకెళ్లకూడదు. తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఫొటోలు పెట్టకూడదు. కొట్టడం ఎంత మాత్రం వద్దు.

2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారంతా పిల్లలే. లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరుగుతుందన్న అనుమానం కలిగినా పోలీసులకు చెప్పాల్సిన బాధ్యత ప్రతి ఒక్కరిదీ, చెప్పకపోవడం కూడా శిక్ష పడే నేరం. ‘ఊరి పరువు’ అంటూ పెద్దల దగ్గర పంచాయితీ పెట్టడం కుదరదు. పిల్లల పేరు ఎక్కడా బయటపెట్టకూడదు. విన్న కార్యకర్త గుచ్చి గుచ్చి ప్రశ్నలడగకూడదు. పిల్ల చెప్పిన మాటలు చెప్పినట్టే రాసుకుని, అదే రోజు సమన్వయకర్తకు చెప్పాలి. 1098 (పిల్లల సహాయవాణి), 112 (అత్యవసర సహాయం) నంబర్లు గోడ మీద రాసి ఉండాలి. మీ కార్యకర్తల్లో 16, 17 ఏళ్లవాళ్లుంటే చట్టం లెక్కలో వాళ్లూ పిల్లలేనని మర్చిపోకండి. వాళ్ల తల్లిదండ్రుల సంతకం తీసుకోవాలి, వాళ్లకు జట్టు బాధ్యత ఒంటరిగా ఇవ్వకూడదు.

ప్రశ్న: ఆచంట నుంచి. ‘వాలంటీర్లు కావలెను’ అని ఫ్లెక్సీ పెడితే, జీతమెంత, ఏ పార్టీ తరఫున అని అడుగుతున్నారు. ఎంతో కొంత ఇస్తే నయమా?

జవాబు: ఆ మాట మార్చండి. 2019 ఆగస్టు 15న రాష్ట్రంలో మొదలైన గ్రామ వాలంటీర్ల వ్యవస్థలో 50 ఇళ్లకు ఒకరు ఉండేవారు, నెలకు 5 వేల రూపాయలు గౌరవ వేతనం ఇచ్చేవారు. జనానికి ఆ పదం వింటే అదే గుర్తొస్తుంది, ఆ మంచిచెడ్డల చర్చ కూడా వెంటే వస్తుంది. ‘యువ కార్యకర్త’ అనో, ‘సాయంత్రం బడి అన్న, అక్క’ అనో పిలవండి. ఫ్లెక్సీ మీద ఏ నాయకుడి బొమ్మా వద్దు, శుభాకాంక్షలకి కూడా.

డబ్బు ఇవ్వొద్దనే మా సలహా. ఇద్దరికిచ్చి పదిమందికి ఇవ్వకపోతే ఆ పదిమందీ పోతారు. అందరికీ ఇచ్చే స్తోమత ఉన్నా, అది ఆగిన నెలలో అందరూ పోతారు. ఎవరికైనా జీతం ఇవ్వాల్సిందే అనుకుంటే అది ఉద్యోగమని చెప్పి సమన్వయకర్తకు ఇవ్వండి, అందరికీ తెలిసేలా ఇవ్వండి. చేతి ఖర్చులు మాత్రం పైసాతో సహా తిరిగివ్వాలి. ఆరుగురు బయటి ఊరి నుంచి వస్తారనుకోండి, ఆటోకి, రేవు దాటించే పంటుకి రానుపోను 40 రూపాయలు, ఆరు వారాలకు 1,440. నలుగురికి సాయంత్రం టీ, తినుబండారం మనిషికి 15 చొప్పున 72 వంతులకు 1,080. మొత్తం 2,520. ఒక విడత పెట్టే ముందు ఈ సొమ్ము చేతిలో ఉండాలి. వోచరు పుస్తకం పెట్టి ఆ వారంలోనే ఇచ్చేయండి. నలభై రూపాయలు నోరు తెరిచి అడగలేక మానేసే కుర్రాళ్లుంటారు.

సంఘం రిజిస్ట్రేషన్ మొదలెట్టడానికి అక్కర్లేదు. సంఘం పేరున ఖాతా, విరాళాలు కావాలన్నప్పుడు ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద కనీసం ఏడుగురు సభ్యులతో చేయించుకోవచ్చు.

ప్రశ్న: పాలకొల్లు. సర్టిఫికెట్ ఇస్తామంటే నిలుస్తారా?

జవాబు: సర్టిఫికెట్ కోసం వచ్చినవారు అది వచ్చేదాకా నిలుస్తారు. ఇవ్వండి, కానీ ‘సేవ చేశారు’ అని కాక, ఎన్ని వంతులు, ఏ తరగతికి, ఏ పని అని రాసివ్వండి. ఎన్‌ఎస్‌ఎస్‌లో (జాతీయ సేవా పథకం) ఉన్న విద్యార్థికి రెండేళ్లలో 240 గంటల సేవ పూర్తి చేయాల్సి ఉంటుంది. కాలేజీ ప్రోగ్రామ్ అధికారిని ముందే కలిసి మీ కేంద్రం గంటలు లెక్కలోకి వస్తాయేమో అడగండి. 15 నుంచి 29 ఏళ్లవారికి 2023 అక్టోబరు 31న మొదలైన కేంద్ర ప్రభుత్వ యువజన పోర్టల్ ‘మై భారత్’ కూడా ఉంది.

ప్రశ్న: కోనసీమలో ఒక గ్రామం. మా కేంద్రం రామాలయం పక్క అరుగు మీద. పేట (దళితవాడ) నుంచి పిల్లలు గానీ కుర్రాళ్లు గానీ రావడం లేదు. మేం ఎవరినీ వద్దనలేదు.

జవాబు: వద్దనక్కర్లేదు, చోటే చెప్తుంది. ఆ అరుగు మీద తమ తాతలు కూర్చోలేదని వాళ్లకు తెలుసు, మీకూ తెలుసు. కేంద్రాన్ని బడికి మార్చండి. ప్రధానోపాధ్యాయుల అనుమతి, పంచాయతీ తీర్మానం ఉంటే సాయంత్రం ఒక గది దొరుకుతుంది. గది దొరకకపోతే వారంలో ఒక సాయంత్రం పేటలోని సామాజిక భవనంలో పెట్టండి. ఆ రోజు ఇవతలి వీధుల పిల్లలు అక్కడికి వెళ్లాలి. ‘అక్కడికా’ అనే తల్లిదండ్రులుంటారు, ఆ మాట మీ దాకా రావడమే మంచిది, ఎవరితో మాట్లాడాలో తెలుస్తుంది.

పేట కుర్రాళ్లను హాజరుకు మాత్రమే పిలిస్తే రారు. మొదటి ఇద్దరు సమన్వయకర్తల్లో ఒకరు అక్కడివారు కావాలి, రెండో తాళం చెవి వారి దగ్గర ఉండాలి. గ్లాసులు అందరికీ ఒకటే, టీ పంచేవాళ్లు వంతులవారీగా మారాలి. కుర్చీలు మోయడం, నీళ్లు పట్టడం ఎవరు చేస్తున్నారో రెండు వారాలు గమనించండి. ఒకే వీధివాళ్లే చేస్తున్నారంటే మీ పట్టిక తప్పు.

ప్రశ్న: పి.గన్నవరం వైపు. వరదలప్పుడు మా కుర్రాళ్లు పడవలెక్కి వెళ్లిపోతారు. ఆపితే అలుగుతారు. ఏం శిక్షణ ఇవ్వాలి?

జవాబు: ఆపకండి, పని మార్చండి. నీళ్లలోకి దిగడం, ప్రవాహంలో పడవ నడపడం శిక్షణ పొందిన బలగాల పని. మీవాళ్ల పని వరద రాకముందే ఎక్కువ. జూన్‌లోనే వీధివారీగా ఒక జాబితా రాయించండి: మంచం పట్టిన ముసలివాళ్లు, నెలలు నిండుతున్న గర్భిణులు, డయాలసిస్ వాళ్లు, ఒంటరి ఆడవాళ్లు, గేదెలు ఎన్ని, మేత ఎక్కడ. జూలై మొదటి వారంలో, ఆగస్టు మొదటి వారంలో దాన్ని సరిచూడాలి. పాత జాబితాతో వెళ్తే చనిపోయినవారిని వెతుకుతూ, నిన్న పురిటికి వచ్చిన పిల్లను వదిలేస్తారు.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం అంకెలు ప్రతి కార్యకర్తకూ నోటికి రావాలి. 11.75 అడుగులు, 10 లక్షల క్యూసెక్కులైతే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అడుగులు, 13 లక్షలకు రెండోది. 17.75 అడుగులు, 17 లక్షలకు మూడోది. ఎగువన భద్రాచలంలో అవి 43, 48, 53 అడుగులు. 2022 జూలైలో అక్కడ 71 అడుగులు దాటింది. భద్రాచలం నీరు మన దగ్గరికి చేరేలోపు వ్యవధి ఉంటుంది, మీ కుర్రాళ్ల పనంతా ఆ వ్యవధిలోనే. భద్రాచలంలో రెండో హెచ్చరిక వినగానే జాబితాలోని ఇళ్లకు ఇద్దరిద్దరుగా వెళ్లాలి, ధవళేశ్వరంలో మొదటిది వచ్చేసరికి వాళ్లంతా మెరకలో ఉండాలి. మీ రేవు మెట్ల మీద ఏ అంకెకు నీళ్లు ఎక్కడికొస్తాయో రంగుతో గీత గీసుకుంటే ఊరి ముసలివాళ్లు కూడా నమ్ముతారు.

ఎవరైనా కాలవలో పడితే చేయవలసింది మాత్రం అందరికీ నేర్పాలి. ముందు వెదురుగడ అందించడం, అందకపోతే తాడు విసరడం. 15 మీటర్ల నైలాను తాడుకు ఐదు లీటర్ల ఖాళీ డబ్బా కట్టి, విసరడానికి బరువుండేలా అందులో గ్లాసెడు నీళ్లు పోసి మూత బిగించి ఉంచండి. దూకడం వద్దు, దూకినవాడిని మునిగేవాడు పట్టుకుని ఇద్దరూ పోతారు. బయటికి తీశాక తలకిందులుగా పట్టి తిప్పడం, పొట్ట నొక్కడం మన ఊళ్లలో ఇంకా పోలేదు. దానివల్ల వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊపిరి లేకపోతే ముందు నోటితో ఊపిరి ఊది, తర్వాత ఛాతీ మధ్య 30 నొక్కులు, రెండు ఊపిరులు, నిమిషానికి 100 నుంచి 120 నొక్కుల వేగంతో, పెద్దవాళ్లకైతే 5, 6 సెంటీమీటర్లు దిగేలా. ఒకరు చేస్తుంటే ఇంకొకరు 108కి ఫోను చేయాలి. ఇది కాగితం చూసి వచ్చే విద్య కాదు, పీహెచ్‌సీ డాక్టరునో, నర్సునో పిలిచి బొమ్మ మీద చేయించండి.

ప్రశ్న: ఆత్రేయపురం. మా దగ్గర అందరికంటే బాగా చేసే అమ్మాయికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. వచ్చే నెల వెళ్లిపోతోంది. ఆమె లేకపోతే కేంద్రం ఎలా నడపాలో తెలియడం లేదు.

జవాబు: నెల ఉంది, చాలు. రేపటి నుంచి ఆమె చేత పాఠం చెప్పించడం ఆపండి. ఆమె సాయంత్రాన్ని ఇద్దరికి పంచి, ఆమెను వెనక కూర్చోబెట్టండి. మొదటి వారం పిల్లలు గోల చేస్తారు, ‘అక్కే చెప్పాలి’ అంటారు. ఓర్చుకోండి. ఆమె వాడిన పాఠం కాగితాలు, ఏ పిల్లవాడు ఎక్కడ వెనకబడ్డాడో తెలిపే వివరాలు, ఏ ఇంట్లో ఎవరితో మాట్లాడితే పని అవుతుందో, అన్నీ ఒక లాంగ్ నోట్‌బుక్కులోకి ఎక్కించండి. ఆ చివరి సంగతి ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు, ముందు అదే రాయించండి. తాళం చెవి, వోచరు పుస్తకం, ఫోను నంబర్లు చివరి రోజుకు వారం ముందే చేతులు మారాలి, సందేహాలు వస్తే అడగడానికి ఆమె ఇంకా ఊళ్లో ఉంటుంది. వెళ్లేముందు కూర్చోబెట్టి, ‘ఇక్కడ నీకు విసుగు పుట్టించినవి ఏమిటి’ అని అడగండి. వెళ్లిపోయేవాళ్లు తప్ప ఈ ప్రశ్నకు నిజం ఎవరూ చెప్పరు. ఆ తర్వాత సంక్రాంతికి ఆమె ఊరొస్తుంది కదా, ఆ నాలుగు రోజుల్లో ఒక సాయంత్రం పదో తరగతి పిల్లలతో కూర్చోమని ఇప్పుడే మాట తీసుకోండి. ఉద్యోగానికి ఎలా దరఖాస్తు చేసింది, ఇంటర్వ్యూలో ఏమడిగారు, హాస్టలుకి నెలకెంత అవుతోంది అని చెప్తే చాలు.